హిస్పానిక్ అనే గడి

ఓడ దిగినవాళ్లు ఏ జాతివాళ్లో రాసుకోవడానికి అమెరికా వలస శాఖ 1899 నుంచి ఒక జాబితా వాడింది. అక్షర క్రమంలో సాగే ఆ జాబితాలో మగ్యార్, మెక్సికన్ పక్కపక్కనే ఉంటాయి. హంగేరియన్ అన్న మాట అందులో లేదు. హిస్పానిక్ అన్న మాటా లేదు. ఇవాళ ఈ రెండు వర్గాల స్థితిగతుల్ని పోల్చేవాళ్లు మాత్రం సరిగ్గా ఆ లేని రెండు మాటల్నే చేతబట్టుకుని పోలుస్తున్నారు.

పోలిక ఇలా సాగుతుంది. హంగేరియన్ మూలాలు చెప్పుకునే కుటుంబాల ఆదాయం దేశపు సగటు కంటే పైన ఉంటుంది, చదువూ అంతే. హిస్పానిక్ కుటుంబాల మధ్యస్థ ఆదాయం 2023లో 65,540 డాలర్లు. దేశం మొత్తానికి 80,610. ఇద్దరూ పేదగానే వచ్చారు కదా, ఇద్దరూ ఇంగ్లిష్ రాకుండానే దిగారు కదా, మరి వీళ్లెందుకు పైకొచ్చారు, వాళ్లెందుకు వెనకబడ్డారు? ఇలా అడిగినవాళ్లలో చాలామంది జవాబు కోసం సంస్కృతి దగ్గరికి వెళ్తారు. కుటుంబ విలువలంటారు కొందరు. మరికొందరు రక్తం దాకా పోతారు. నన్నడిగితే ముందు ఆ రెండు మాటల దగ్గరే ఆగాలి. ఎవరు ఏ మాట కిందికి ఎప్పుడు చేరారో, ఎవరు ఎప్పుడు అందులోంచి తప్పుకున్నారో తేలకుండా ఆ అంకెలకు అర్థం చెప్పడం అన్యాయం. కోట్ల మంది పరువు వాటిమీద ఆధారపడి ఉంది.

హంగేరియన్ అన్నది ఆ ప్రజలు తమకు తాము పెట్టుకున్న పేరు కాదు. వాళ్లను వాళ్లు మగ్యార్లనే చెప్పుకుంటారు. బయటివాళ్లు పెట్టిన పేరుకు మూలం ఓనోగుర్ అనే తురుష్క పదమని భాషావేత్తలు ఎక్కువమంది అంటారు. పది తెగలు, లేదా పది బాణాలు అని దాని అర్థం. లాటిన్‌లో అది ఉంగారుస్ అయింది. ముందున్న హకారం తర్వాత వచ్చి చేరింది. ఐదో శతాబ్దంలో యూరప్‌ను గడగడలాడించిన హూణుల పేరు, ఈ కొత్తగా వచ్చిన గుర్రపు రౌతుల పేరు జనం నోట కలిసిపోయాయి. మగ్యార్ భాషకు దగ్గరి చుట్టాలు సైబీరియాలోని ఖాంతీ, మాన్సీ భాషలు. దూరపు చుట్టాలు ఫిన్నిష్, ఎస్టోనియన్. హూణులతో దానికి చుట్టరికం తేలలేదు. అయినా ఆ ఒక్క అక్షరం వెయ్యేళ్ల తర్వాత అమెరికా బొగ్గు గనుల దగ్గర పనిచేసింది. 1897 సెప్టెంబర్ 10న పెన్సిల్వేనియాలోని లాటిమర్ దగ్గర చేతిలో ఆయుధం లేకుండా ఊరేగింపుగా వెళ్తున్న సమ్మె కార్మికుల మీద షెరిఫ్ మనుషులు కాల్పులు జరిపారు. పందొమ్మిది మంది చనిపోయారు. పోలిష్‌వాళ్లు, స్లోవాక్‌లు, లిథువేనియన్లు. అలాంటివాళ్లందరినీ కలిపి ఆ రోజుల్లో హన్స్ అనేవాళ్లు, అంటే హూణులని.

దాని వెనకే వచ్చిన ఇంకో తిట్టు హంకీ. హంగేరియన్‌లోంచి పుట్టిన ఆ మాట స్లోవాక్‌కూ తగిలింది, క్రొయేషియన్‌కూ తగిలింది, పోలిష్‌వాడికీ తగిలింది. బొహీమియన్‌నూ హంగేరియన్‌నూ కలిపి బోహంక్ అన్నారు. థామస్ బెల్ 1941లో రాసిన నవల బ్రాడాక్ ఉక్కు ఫ్యాక్టరీల్లో పనిచేసిన ఒక స్లోవాక్ కుటుంబం కథ. అందులోని మనుషులు ఊరంతటికీ హంకీలే. అసలు 1914కు ముందు హంగేరీ రాజ్యం నుంచి అమెరికాకు వెళ్లినవాళ్లు పది లక్షలకు మించే ఉంటే, వాళ్లలో మగ్యార్ మాతృభాష అయినవాళ్లు సగం కూడా లేరు. క్రొయేషియాను వదిలేసి లెక్కవేసినా ఆ రాజ్యంలోనే మగ్యార్ మాట్లాడేవాళ్లు 1910లో సగానికి కాస్త పైన, అంతే.

1907 డిసెంబర్ 19న పెన్సిల్వేనియాలో డార్ గని పేలి 239 మంది పోయారు. వాళ్లలో హంగేరీ నుంచి వచ్చినవాళ్లు చాలామంది. అయితే ఆ రోజు గనిలోకి దిగాల్సి ఉండి దిగనివాళ్లూ చాలామందే ఉన్నారు. కార్పేథియన్ కొండల నుంచి వచ్చిన రుసిన్లు జూలియన్ పంచాంగం ప్రకారం ఆనాడు సెయింట్ నికొలస్ పండుగ చేసుకుంటూ గుడిలో ఉన్నారు. కంపెనీ లెక్కలో, మేస్త్రీ నోట వాళ్లందరూ ఒకే పేరువాళ్లు. ఆ పేరు కింద రెండు పంచాంగాలు ఉన్న సంగతి ఆ ఉదయమే బయటపడింది.

వాళ్లు బతికిన తీరు చూడాలంటే ఆ గని ఊళ్ల పూటకూళ్ల ఇళ్లలోకి తొంగి చూడాలి. అమెరికాలో హంగేరియన్లు మాట్లాడిన భాషలోకి ఇంగ్లిష్ బోర్డర్ వచ్చి బుర్దోష్ అయింది. బుర్దోష్ అంటే కూలి డబ్బుల్లోంచి ఇంత ఇచ్చి ఒకరి ఇంట్లో తిని పడుకునే ఒంటరి మగవాడు. ఆ ఇల్లు నడిపే ఆవిడ మన పూటకూళ్లమ్మే. వండాలి, బొగ్గు మసి పట్టిన బట్టలు ఉతకాలి, ఎవరు ఎంత మాంసం తిన్నారో లెక్క రాయాలి. పగటి షిఫ్ట్‌వాడు లేచి వెళ్లిన మంచం మీదే రాత్రి షిఫ్ట్‌వాడు వచ్చి నడుం వాల్చేవాడు. దుప్పటి చల్లారేది కాదు. కాస్త డబ్బు కూడబెట్టి సొంతూరు వెళ్లి ఎకరమో రెండెకరాలో కొనుక్కుందామన్నదే వాళ్లలో ఎక్కువమంది ఆలోచన. చాలామంది నిజంగానే తిరిగి వెళ్లారు. కిక్కిరిసిన ఇల్లు, మగవాళ్లు మాత్రమే రావడం, ఇంటికి పంపే డబ్బు, ఇంగ్లిష్ నేర్చుకోరన్న నింద, వీళ్లు ఎప్పటికీ ఇమడరన్న జోస్యం. ఇవన్నీ ఇవాళ మెక్సికన్ల మీద, గ్వాటెమాలావాళ్ల మీద వేసే మాటలే; వందేళ్ల కిందట హంకీ మీద వేసినవి.

మరి హంకీ ఎక్కడికి పోయాడు? 1924 వలస చట్టం తలుపు మూసింది. ట్రయానన్ ఒప్పందం తర్వాత కుంచించుకుపోయిన హంగేరీకి ఏడాదికి ఇచ్చిన కోటా 473. అంతకుముందు 1907లో ఆ రాజ్యం నుంచి ఒక్క ఏడాదిలోనే లక్షకు మించి వచ్చారు. మాట కిందికి కొత్త పేదవాళ్లు రావడం ఆగిపోయింది. ఉన్నవాళ్ల పిల్లలకు 1935 వాగ్నర్ చట్టంతో యూనియన్ పెట్టుకునే హక్కు దక్కింది. 1937 మార్చిలో అమెరికాలోకెల్లా పెద్ద ఉక్కు కంపెనీ యూనియన్‌ను గుర్తించింది. 1944లో సైనికుల చట్టం వాళ్లను కాలేజీలకు పంపింది, ఇళ్లకు అప్పులిచ్చింది. 1980 సెన్సస్ మొదటిసారి పూర్వీకుల మూలం అడిగేనాటికి హంగేరియన్ అని రాసినవాళ్లలో ఎక్కువమందికి అది తాతల కథ. అది కూడా ఎవరికి గుర్తుంటే వాళ్లు రాసింది. ఖాళీ గీత మీద తమ చేత్తో రాయాలి; రాయకపోయినా అడిగేవాళ్లు లేరు. అప్పట్లో పదిహేడు లక్షలకు పైగా ఆ మాట రాశారు. ఈమధ్య లెక్కల్లో పదమూడు, పద్నాలుగు లక్షలకు తగ్గింది. మిగతావాళ్లందరూ చనిపోయారని కాదు, చాలామంది ఆ మాటలోంచి బయటికి నడిచారు.

ఇంకో సంగతి. హంగేరియన్ మేధస్సు గురించి మాట్లాడేవాళ్లు వాన్ నాయ్‌మన్, విగ్నర్, టెల్లర్, సిలార్డ్ పేర్లు తప్పక చెబుతారు. నలుగురూ బుడాపెస్ట్‌లో యూదు కుటుంబాల్లో పుట్టినవాళ్లు. విశ్వవిద్యాలయాల్లో యూదుల సంఖ్యకు హద్దు పెట్టాలని హంగేరీ 1920లో చట్టం చేసింది. అమెరికా వలస శాఖ జాబితా లెక్కన అలాంటి కుటుంబాలు మగ్యార్ కిందికి రావు. హీబ్రూ అని వేరే పేరు ఉండేది. సొంత దేశం బయటికి నెట్టింది, ఓడరేవు వేరే పేరు రాసింది, వాళ్ల ఘనతను మాత్రం ఇప్పుడు హంగేరియన్ ఖాతాలో వేసి, ఆ ఖాతాను మెక్సికన్ కూలీ ఖాతాతో పోలుస్తున్నాం.

1956 వచ్చేసరికి ఆ మాట కిందికి కొత్త జనం వచ్చారు. సోవియట్ ట్యాంకులు బుడాపెస్ట్ తిరుగుబాటును అణిచాక రెండు లక్షల మంది దాకా సరిహద్దు దాటారు. అమెరికా తీసుకున్నవాళ్లు దాదాపు 38,000. కోటా ప్రకారం వాళ్లకు చోటు లేదు. 1952 వలస చట్టంలో ఒక మూలనున్న పెరోల్ అనే అధికారాన్ని ఉపయోగించి అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ప్రభుత్వం లోపలికి రానిచ్చింది. వాళ్లలో అత్యధికులు అడుగుపెట్టింది న్యూజెర్సీలోని క్యాంప్ కిల్మర్‌లో. ఆ శిబిరం ఉన్న ఎడిసన్, పిస్కాటవే మనవాళ్లకు పరిచయమైన పేర్లే. రట్గర్స్ విశ్వవిద్యాలయపు లివింగ్‌స్టన్ క్యాంపస్‌లో చదువుకునే తెలుగు పిల్లలు రోజూ నడిచే నేల ఆ పాత సైనిక శిబిరానిదే. అక్కడ శరణార్థులకు భాష నేర్పేవాళ్లు, ఉద్యోగం చూపేవాళ్లు, కాలేజీ సీటు వెతికిపెట్టేవాళ్లు ఎదురుచూస్తూ ఉన్నారు. టైమ్ పత్రిక ఆ ఏడాది మేటి మనిషిగా హంగేరియన్ స్వాతంత్ర్య యోధుణ్ణి ముఖచిత్రం మీద నిలిపింది. 1958లో శాశ్వత నివాసానికి చట్టం చేశారు. అదే శిబిరం గుండా వచ్చిన ఆండ్రాష్ గ్రోఫ్ అనే కుర్రాడు ఫీజు లేని న్యూయార్క్ సిటీ కాలేజీలో చదివి ఆండ్రూ గ్రోవ్‌గా ఇంటెల్‌ను నడిపాడు. ఆయన ప్రతిభను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆ ప్రతిభకు తలుపు ఎలా తెరుచుకుందో చెబుతున్నాను.

ఇప్పుడు హిస్పానిక్. రోమన్లు ఐబీరియా ద్వీపకల్పాన్ని హిస్పానియా అన్నారు. ఫినీషియన్ వర్తకులు పెట్టిన కుందేళ్ల తీరం అనే పేరే అలా మారిందని ఒక ఊహ ఉంది. పదం పాతదే, అమెరికన్ ప్రభుత్వ పత్రాల్లో అది జనాన్ని లెక్కించే మాట కావడం మాత్రం మొన్నటి సంగతి. 1848 గ్వాదలూపే హిదాల్గో ఒప్పందంతో మెక్సికో భూభాగంలో సగం దాకా అమెరికాకు దక్కింది. అక్కడి జనం ఊరు కదలకుండానే దేశం మారారు, కాగితం మీద పౌరులయ్యారు. 1930 సెన్సస్‌లో మెక్సికన్ అని ఒక జాతి పెట్టారు. మెక్సికో ప్రభుత్వమూ, అమెరికాలోని మెక్సికన్ పౌర సంఘాలూ అభ్యంతరం చెప్పాయి, 1940లో అది పోయింది. మళ్లీ తెల్లవాళ్ల లెక్కలోకి వెళ్లారు. ఈలోగా ఆర్థిక మాంద్యం రోజుల్లో లక్షల మందిని రైళ్లెక్కించి మెక్సికోకు పంపేశారు. అందులో అమెరికాలోనే పుట్టిన పిల్లలు ఎందరో ఉన్నారు.

తెల్లవాళ్లని రాసుకున్నా ఒరిగిందేమిటో టెక్సస్‌లోని జాక్సన్ కౌంటీ కోర్టు భవనం చెబుతుంది. పత్తి ఏరే పీట్ హెర్నాండెస్ మీద హత్య కేసు విచారణ అక్కడ జరిగింది. పాతికేళ్లుగా ఆ కౌంటీలో జ్యూరీకి పిలిచిన ఆరువేల మందిలో స్పానిష్ ఇంటిపేరు ఒక్కటీ లేదు. చట్టం ముందు మెక్సికన్లు తెల్లవాళ్లే కాబట్టి వివక్ష ప్రశ్నే లేదని రాష్ట్రం వాదించింది. హెర్నాండెస్ తరఫు లాయర్లు గస్ గార్సియా, కార్లోస్ కడేనా అదే భవనంలోని మరుగుదొడ్లను సాక్ష్యంగా చూపించారు. రెండు ఉన్నాయి. ఒకదాని మీద ఏమీ రాసి లేదు. రెండోదాని మీద రెండు ముక్కలు: నల్లవాళ్లకని ఇంగ్లిష్‌లో ఒకటి, ఓమ్‌బ్రేస్ ఆకీ, అంటే మగవాళ్లు ఇటు అని స్పానిష్‌లో ఇంకొకటి. సుప్రీంకోర్టు 1954 మే 3న హెర్నాండెస్ పక్షాన తీర్పిచ్చింది. పేరు లేకపోవడం వల్ల మనిషికి జరిగే నష్టాన్ని ఇంతకంటే సూటిగా చూపే చోటు నాకు తెలియదు. సెన్సస్ ఫారంలో వేరే గడి లేదు కాబట్టి వివక్షను అంకెల్లో చూపే దారే లేదు. పక్కకు నెట్టే బోర్డుకు మాత్రం ఏ గడీ అవసరం రాలేదు.

పొలాల్లో సంగతి ఇంకా కష్టం. 1942 నుంచి 1964 దాకా నడిచిన బ్రాసెరో పథకం కింద నలభై ఆరు లక్షల దాకా కూలి ఒప్పందాలు జరిగాయి. బ్రాసో అంటే స్పానిష్‌లో చేయి. ఆ పేరు పిలిచింది చేతుల్నే. కాలిఫోర్నియా లెట్యూస్ మళ్లలో వాళ్లకిచ్చిన పార పిడి మూర కూడా ఉండేది కాదు. దాన్ని ఎల్ కోర్తీతో అనేవాళ్లు, పొట్టిది అని. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నడుం వంచే ఉండాలి. ఎవరైనా నిటారుగా నిలబడితే మేస్త్రీకి చేను ఈ చివర నుంచే కనిపించిపోతుంది, అంటే పని ఆపాడన్నమాట. వెన్నుపూసలు అరిగి ముప్పై ఏళ్లకే ముసలివాళ్లయ్యారు. 1975లో కాలిఫోర్నియా దాన్ని నిషేధించింది. హంకీ పిల్లల్ని పైకి లేపిన ఆ వాగ్నర్ చట్టమే వ్యవసాయ కూలీలను బయట పెట్టింది. కనీస వేతన చట్టం కూడా 1966 దాకా వాళ్ల జోలికి రాలేదు. ఫ్యాక్టరీ గేటులోపల ఉన్న చట్టం చేను గట్టు దాకా రాలేదు. సంస్కృతి గురించి మాట్లాడేముందు ఈ ఒక్క తేడాను లెక్కలో పెట్టుకుంటే చాలావరకు చిక్కు విడిపోతుంది.

గడి కావాలని అడిగింది లోపలివాళ్లే. ఓటు హక్కుల చట్టాన్ని 1975లో భాషా అల్పసంఖ్యాకులకు విస్తరించాక లెక్కలు మరీ అవసరమయ్యాయి. కాంగ్రెస్ సభ్యుడు ఎడ్వర్డ్ రాయ్‌బాల్ పట్టుబట్టగా 1976లో చట్టం వచ్చింది. స్పానిష్ మూలాలున్న అమెరికన్ల గురించి ప్రభుత్వం వివరాలు సేకరించి తీరాలని. మరుసటి ఏడాది హిస్పానిక్ అధికారిక మాటయింది. అంతకుముందు 1970 సెన్సస్‌లో కొద్దిమందికి ఇచ్చిన ఫారంలో సెంట్రల్ ఆర్ సౌత్ అమెరికన్ అని ఒక ఎంపిక ఉంటే, అమెరికా దేశపు మధ్య, దక్షిణ రాష్ట్రాల జనం అది తమ గురించే అనుకుని టిక్ పెట్టేశారు. పేరు పెట్టడం ఎంత కష్టమో దాన్నిబట్టి తెలుస్తుంది. మాడ్రిడ్ నుంచి వచ్చిన బ్యాంకరూ హిస్పానికే, ఊరి తగాదాల్లో ప్రాణం దక్కించుకుని హోండురస్ నుంచి వచ్చిన పిల్లవాడూ హిస్పానికే. స్పానిష్ ఇంటిపేరున్న ఫిలిప్పీన్స్ నర్సు కాదు. పోర్చుగీస్ మాట్లాడే బ్రెజిల్ మనిషి నిబంధన ప్రకారం కాదు. ప్యూర్టోరికన్లు 1917 నుంచి పుట్టుకతో అమెరికా పౌరులు. వాళ్లు వలసవాళ్లే కాదు, అయినా వలస గురించిన వాదనల్లో వాళ్ల పేదరికమూ లెక్కకొస్తుంది.

ఆ గడిలోనే క్యూబన్లూ ఉన్నారు. 1959 తర్వాత వచ్చిన తొలి తరానికి హంగేరియన్లకు దక్కిన తలుపే తెరుచుకుంది. అదే పెరోల్. తోడుగా శరణార్థుల కోసం ప్రత్యేక కార్యక్రమం, చదువుకు అప్పులు, డాక్టర్లకు, టీచర్లకు మళ్లీ శిక్షణ. 1966లో వాళ్ల కోసమే ఒక చట్టం. 1965 నుంచి 1973 దాకా విమానాల్లో రెండున్నర లక్షలకు పైగా వచ్చారు. మయామీలో వాళ్లు నిలదొక్కుకున్న తీరు 1956 హంగేరియన్ల తీరుకు దగ్గరగా ఉంటుంది. అదే స్పానిష్ మాట్లాడుతూ, అదే క్యాథలిక్ గుడికి వెళ్తూ, 1980లలో అంతర్యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన సాల్వడార్, గ్వాటెమాలా జనం ఆశ్రయం అడిగితే 1984లో నూటికి ముగ్గురికి కూడా దక్కలేదు. కోర్టుకెళ్లాక 1991 ఒప్పందంతో వాళ్ల దరఖాస్తులు మళ్లీ విచారించాల్సి వచ్చింది. అప్పటికే పదేళ్లు కాగితం లేకుండా గడిచాయి. కాగితం లేనివాడు మెరుగైన కూలి అడగలేడు, పిల్లవాడి కాలేజీ చదువుకు అప్పు తేలేడు. క్యూబన్‌నూ సాల్వడారన్‌నూ ఒకే మాటలో కలిపి తీసిన సగటుకు, ఆ ఇద్దరిలో ఎవరి జీవితమూ ఆనదు.

ఇక బయటికి నడిచేవాళ్ల సంగతి. బ్రయన్ డంకన్, స్టీఫెన్ ట్రెహో అనే ఆర్థికవేత్తలు మెక్సికన్ సంతతిలో మూడో తరాన్ని పరిశీలించారు. వేరే వర్గంవాళ్లను పెళ్లి చేసుకున్న కుటుంబాల పిల్లలు సెన్సస్‌లో హిస్పానిక్ అని చెప్పుకోవడం తగ్గుతుందనీ, అలా చెప్పుకోనివాళ్లు సగటున ఎక్కువ చదువుకున్నవాళ్లనీ తేల్చారు. హిస్పానిక్ పూర్వీకులున్న పెద్దవాళ్లలో 11 శాతం మంది తాము హిస్పానిక్ కాదంటారని ప్యూ పరిశోధన సంస్థ 2017లో చెప్పింది. ఇలా పైకెక్కినవాళ్లలో కొందరు మాట వదిలేస్తుంటే, కింద నుంచి కొత్తవాళ్లు వచ్చి చేరుతుంటారు. హంగేరియన్ మాటకు 1924లో ఆగిన రాక ఈ మాటకు ఎప్పుడూ ఆగలేదు.

న్యూజెర్సీలో క్యాంప్ కిల్మర్‌కు దగ్గర్లోనే న్యూ బ్రన్స్‌విక్ ఉంది. సోమర్సెట్ వీధి చుట్టుపక్కల ఒకప్పుడు మగ్యార్ మాట్లాడే జనంతో నిండిపోయి ఉండేది. ఇప్పటికీ హంగేరియన్ చర్చీలు, మ్యూజియం ఉన్నాయి. ఏటా జూన్‌లో పండుగ చేస్తారు. పక్కనే ఫ్రెంచ్ వీధిలో దుకాణాలు చాలావరకు మెక్సికన్లవి. వాళ్లలో ఎక్కువమంది వహాకా రాష్ట్రం నుంచి వచ్చినవాళ్లు. వహాకాలో సపోటెక్, మిష్టెక్ వంటి భాషలు ఇంట్లో మాట్లాడే ఊళ్లు వందల్లో ఉన్నాయి. స్పెయిన్ వచ్చి ఆక్రమించిన జనానికి స్పెయిన్ పేరే గుర్తింపుగా అంటింది. మగ్యార్ రైతును హూణుడన్నారు, సపోటెక్ రైతును హిస్పానిక్ అన్నారు. ఈ రెండో పేరు తిట్టు కాదు. కానీ రెండు పేర్లలోనూ ఆ మనిషి ఇంట్లో మాట్లాడే భాష లేదు.

గడి దాచేవాటిలో ఆయుష్షు కూడా ఒకటి. 2019లో హిస్పానిక్‌ల సగటు ఆయుర్దాయం 81.9 ఏళ్లు, హిస్పానిక్ కాని తెల్లవాళ్లది 78.8. ఆదాయం తక్కువ, ఆరోగ్య బీమా తక్కువ, బతుకు ఎక్కువ. 1986 నుంచి పరిశోధకులు దీన్ని చిక్కుప్రశ్నగానే చూస్తున్నారు. ఆరోగ్యవంతులే వలస వస్తారని కొందరు, సిగరెట్టు తక్కువని కొందరు, ఇంటినిండా మనుషులుంటారని కొందరు చెబుతారు. మరుసటి ఏడాది కోవిడ్ ఆ మూడేళ్ల లాభాన్ని చాలావరకు తుడిచిపెట్టింది. దేశమంతా ఇంట్లో కూర్చున్నప్పుడు మాంసం కోసే ఫ్యాక్టరీకీ, చేనుకూ, కూరగాయల గోదాముకూ వెళ్లింది వాళ్లే. స్థితిగతుల పోలికలో ఈ రెండు అంకెలూ ఉండాలి. డాలర్ల పట్టికలో అవి కనిపించవు.

ఒక మాట మనవాళ్లకూ. అమెరికా సెన్సస్‌లో 1980 నుంచి ఏషియన్ ఇండియన్ అనే గడి ఉంది. ఆ గడి సగటు ఆదాయం చూసి గర్వపడే తెలుగువాళ్లు, డిగ్రీ ఉన్నవాణ్ణి ఏరి పంపే వీసా తలుపు ఆ అంకెకు చేసిన సాయం కూడా లెక్కలో పెట్టుకోవాలి. చేలో పనికి కూలీలను పిలిచే తలుపు మనకు తెరిచి ఉంటే, అనంతపురం నుంచీ పాలమూరు నుంచీ వెళ్లేవాళ్లతో ఆ సగటు మరోలా ఉండేది.

పోలిక వద్దని నేననను. సరైన జతను పోల్చాలి. 1907లో పెన్సిల్వేనియా గనిలోకి దిగిన మగ్యార్ కూలీ మనవణ్ణి, 1980లో కాలిఫోర్నియా చేలోకి దిగిన మిష్టెక్ కూలీ మనవణ్ణి పక్కపక్కన నిలబెట్టాలి. ఆ రెండోవాడు ఇప్పుడిప్పుడే బడికి వెళ్తున్నాడు. ఆర్థికవేత్తలు రాన్ అబ్రమిట్స్కీ, లియా బూస్టాన్ పాత సెన్సస్ కాగితాల్లో లక్షల మంది తండ్రీకొడుకుల్ని జతపరిచి చూసి, 2022లో తమ పుస్తకంలో రాశారు: మెక్సికో, గ్వాటెమాలా, ఎల్ సాల్వడార్ నుంచి వచ్చిన పేద కుటుంబాల పిల్లలు పైకి వచ్చే వేగం, వందేళ్ల కిందటి యూరప్ వలసవాళ్ల పిల్లల వేగానికి ఏమీ తీసిపోదని. 2024లో అమెరికా ప్రభుత్వం జాతి ప్రశ్ననూ హిస్పానిక్ ప్రశ్ననూ ఒకటిగా కలిపింది. అమెరికా ఖండాల మూలవాసుల గడి కింద ఆజ్టెక్, మాయా పేర్లూ ఉదాహరణలుగా చేర్చింది. వచ్చే సెన్సస్‌లో వహాకా నుంచి వచ్చిన తల్లి కావాలంటే హిస్పానిక్ దగ్గరా టిక్ పెట్టవచ్చు, మూలవాసుల గడి దగ్గర సపోటెక్ అనీ రాయవచ్చు. అలా రాసినవాళ్లను వేరుగా లెక్కించి, ఏ ఏడాది వచ్చారో, ఏ కాగితంతో వచ్చారో కూడా ఆ పక్కన పెట్టి చూస్తే, అప్పుడు ఆ అంకెల మీద మాట్లాడుకోవచ్చు.